'లింటు' శబ్దము: అర్థవిపరిణామము

ఆదోని ప్రత్తి విపణిలో 'లింటు' అనినచో గింజ వేరుచేసిన దూది. వైద్యశాలలో అదే మాటకు పుండుపై వేయు మెత్తని గుడ్డ అని అర్థము. ఈ రెంటిలో ఏది పూర్వము, ఏది పరము అను ప్రశ్న నిచ్చట విచారించుచున్నాము. ప్రత్తి వ్యాపారము నెరిగినవారికి దూదియే మూలార్థమని తోచును. పదచరిత్ర ఇందుకు విరుద్ధముగా నున్నది.

ఆంగ్లమున 14వ శతాబ్ది నాటికే కనవచ్చు ఈ మాటకు ప్రత్తితో సంబంధమే లేదు. లాటిను భాషలో 'లీనుమ్' అనగా అవిసె; మనము గింజలకై పెంచు అవిసెయే. దాని నారతో నేసిన బట్ట లినెను. అరిగిన లినెను గుడ్డను కత్తితో గీకగా లేచిన నూగును గాయములకు పెట్టెడివారు. ఆ నూగే లింటు. పిమ్మట ఒకవైపు నూగు లేపిన గుడ్డకును ఆ పేరే వచ్చినది. 1861లో అమెరికా అంతర్యుద్ధము మొదలు కాగా అచ్చటి స్త్రీలు గుంపులుగా కూర్చుండి పాత గుడ్డలు గీకి సైనిక వైద్యశాలలకు పంపిరి. చేతులతో గీకిన ఆ నూగు ఎందరి గాయములకు చీము పట్టించెనో ఊహింపవచ్చును. 1865 ఆగస్టులో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు, కాలు విరిగిన 11 ఏండ్ల బాలుని గాయమును కార్బాలికామ్లమున తడిపిన లింటుతో కప్పెను.

ప్రత్తినుండి గింజ తీసిన పోగులు చూపునకు ఆ నూగు వంటివే. ఆ సామ్యముననే అమెరికా ప్రత్తిసీమలలో అర్థము మారినది. ఆ మార్పు వ్యాపారముతో మన దేశమునకు వచ్చినది. పైని చెప్పిన యుద్ధమే అమెరికా ప్రత్తిని ఆపి, లాంకషైరు మిల్లుల దృష్టిని మన నల్లరేగడి వైపు త్రిప్పినదనుట గమనింపదగినది. 1871 నాటికి మద్రాసునుండి ఆదోని మీదుగా రాయచూరు వరకు రైలుమార్గము పూర్తియైనది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. కర్నూలు జిల్లాలో చేరినది 1953 అక్టోబరు 1న. ఈ ప్రాంతపు ప్రత్తిని వర్తకులు 'వెస్టర్ను'లనిరి.

తెలుగున ప్రత్తి, దూది అను భేదముండగా ఈ పరభాషాపద మేల? గింజతోడి ప్రత్తిలో లింటు మూడవవంతునకు కొంచె మటునిటుగా మాత్రమే యుండును. సరకు విలువ ఆ పాలును బట్టి నిర్ణయమగును. లెక్క ఏ భాషలో సాగునో మాటయు ఆ భాషదే యగును. అచ్చటికి సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న ఎమ్మిగనూరు నేతకు పేరుగాంచినది; మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘ మచ్చటిదే. నేతగాని చేతికి నూలు వచ్చును గాని లింటు రాదు. నేసిన గుడ్డకు చెల్లుచుండిన పేరు నేయని పోగులకు చెల్లుట వింతయే.

ఈ పదమును తెనిగించువారు 'దూది' అని యూరకుండుట మా అభిప్రాయమున ప్రమాదము. మిల్లునుండి వచ్చిన లింటుపై సహజమైన మైనము వంటి పూత యుండును. అది చీమును, నెత్తురును పీల్చదు. క్షారజలమున ఉడికించి, తెల్లబరచిన పిమ్మటనే గాయమునకు పనికివచ్చును. మన ప్రాచీనులు ఈ విషయమున జాగరూకులు. సుశ్రుత సంహితలో పిచువు దూది, ప్లోతము గుడ్డ, వికేశిక మందు పూసి గాయములోనికి చొనుపు వర్తి. కట్టు కట్టు ద్రవ్యములలో కార్పాసముతోపాటు క్షౌమమును, అనగా నారబట్టయును, కలదు. వైద్యార్థమున లింటునకు 'నూగుగుడ్డ' అనుటయే మేలని తలచుచున్నాము.

ఇక మరియొక మాట. లింటు తీసిన పిమ్మట గింజను అంటిపెట్టుకొనియుండు పొట్టి నూగును ఆంగ్లమున 'లింటరు' లందురు. దానిని వేరొక యంత్రముతో గీకి తీయుదురు. శుద్ధి చేసిన పిమ్మట అందు కొంత వైద్యశాలల దూదిగా వాడుకకు వచ్చుచున్నది.