జూదపు యంత్రము

ధర్మరాజు జూదమున రాజ్యము కోల్పోయిన కథ మనమెరిగినదే. ఆనాడు పాచికలు వేసిన శకుని ఎదుటనే యుండెను. నేడు నేను చెప్పబోవు జూదమున ఎదుట మనుష్యుడే లేడు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున చార్లెస్ ఫే యను యంత్రశిల్పి 19వ శతాబ్దాంతమున ‘లిబర్టీ బెల్’ అను యంత్రమును నిర్మించెను. 5 సెంట్ల నాణెము వేసి పిడి లాగినచో మూడు చక్రములు తిరిగి నిలుచును. మూడింటను గంట బొమ్మయే వచ్చిన 50 సెంట్లు లభించును. చక్రమునకు 10 స్థానములు. కావున అవి 1000 విధములుగా నిలువవచ్చును. గంట చక్రమునకొక్కటియే యైనచో ఆ ఫలము 1000 మారులకొక్కమారు. బడిపిల్లవాడును గుణింపగల లెక్క యిది.

1909లో ఆ నగరమున ఈ యంత్రములు నిషేధింపబడెను. నిషేధమును తప్పించుకొనుటకై కొందరు నాణెములకు మారుగా నమలెడి గమ్ము నిచ్చు యంత్రములు చేసిరి. చక్రములపై పండ్ల బొమ్మలు వెలసెను. 1963లో బాలీ సంస్థ ‘మనీ హనీ’ యంత్రమునకు విద్యుచ్ఛక్తిని జోడించెను. అది 500 నాణెముల వరకు తానే చెల్లింపగలిగెను.

1984లో ఇంగే టెల్నేస్ పొందిన పేటెంటుతో అసలు మార్పు వచ్చెను. ఫలమును కంప్యూటరు ముందే నిర్ణయించును. చక్రము దానిని చూపును, అంతియే. పైకి కొలది బొమ్మలే కనబడినను లోపలి లెక్కలో స్థానములు మిక్కిలి యెక్కువ. కన్నులు చూచిన లెక్క యిక చెల్లదు.

చిరకాలము గణితము చెప్పిన నాకు తోచునదొక్కటి: ఈ యంత్రము వృద్ధి పొందినకొలదియు లెక్క మరుగుపడెను. మీ మనుమలు ఫోనులో నిట్టి చక్రములు త్రిప్పుచుండగా చూచినచో కోపింపకుడు. ప్రక్కన కూర్చుండి ఆ 1000 లెక్కను చెప్పుడు.