వాడ చరిత్ర – 9: ఎండాకాలం ఆటకు కృతిభర్త ఎవరు?

పోయిన భాగంలో మేర గురించి రాశాను. మోట బొక్కెన కుట్టినందుకు, చెప్పులు, పలుపులు, చర్నాకోలలు చేసి ఇచ్చినందుకు రైతు తన కళ్లం దగ్గర మాదిగ ఇంటికి కొలిచి ఇచ్చే గింజల కథ అది. ఆ గింజలు మనింటికి వచ్చాక ఎటు పోయేవో ఈ భాగంలో చూద్దాం.

తిండికే పోయేవని అనుకుంటాం. చాలామటుకు అంతే. కానీ అందులోంచి కొంత ఆటకు పోయేది. కడుపు నిండని ఇల్లు, గుల్లలోంచి గింజలు తీసి, రాత్రంతా ఆడిపాడే మనుషుల జోలెలో పోసేది. దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు భిక్ష కాదు, కూలి కాదు. త్యాగం. మా అమ్మమ్మ "చిందోళ్ల త్యాగం" అన్నప్పుడల్లా అది ఇంటి బాకీ లాగే వినబడేది నాకు. ఇయ్యకపోతే నలుగురిలో తలవంపు.

ఉగాది దాటిందంటే చిందు మేళం దిగేది. మృగశిర కార్తె దాకా వాళ్లు ఊరి వెంట ఊరు తిరిగేవాళ్లు. ఎండాకాలమే ఎందుకంటే తీరిక అని మామూలుగా చెబుతారు. తీరిక ఉన్నది దొరలకు. వాడలో ఉన్నది పనిలేనితనం. పంట కోతలు అయిపోయి, దున్నకాలు ఇంకా మొదలుకాని నెలల్లో కైకిలి దొరకదు. కానీ అప్పుడే మేర గింజలు ఇంట్లో ఉంటాయి. ఏడాది మొత్తంలో మాదిగ ఇల్లు ఇంకొకరికి పెట్టగలిగిన నెలలు అవే. ఆషాఢం వచ్చేసరికి గుల్ల అడుగు కనబడుతుంది, మళ్లీ అప్పు మొదలవుతుంది.

ఇంకో సంగతి తోలుది. డప్పు చుట్టు వేపకర్రతో చేస్తారు, చింతగింజల పిండి ఉడికించిన బంకతో తోలు అంటిస్తారు. ముసురు పట్టిందంటే తోలు సడలుతుంది, మంట దగ్గర కాచి కాచి పలికించాలి. వానాకాలం డప్పు కప్పలా అరుస్తుందని మా తాత ఎగతాళి చేసేవాడు. ఎండాకాలం గాలికి తోలు దానంతటదే బిగుసుకుంటుంది. సిర్ర పడితే చాలు, పక్క ఊరికి వినబడుతుంది. పైగా చిందు ఆటకు మేడ లేదు, మండపం లేదు. ఖాళీ జాగాలో నాలుగు గుంజలు, పైన ఆకాశం. ముఖానికి నూనెలో కలిపి పూసిన అర్దళం, సఫేదా వానకు నిలవవు. పొనికి కర్రతో చేసి తళుకు కాగితాలు అంటించిన కిరీటాలు, భుజకీర్తులు తడిస్తే పనికిరావు. ఆ కర్ర ఎంత తేలికంటే, తెల్లవార్లూ నెత్తిన పెట్టుకొని గెంతినా మెడ నొప్పి పుట్టదు. నిర్మల్ బొమ్మలు చేసేదీ దానితోనే.

ఏ ఊర్లు ఏ మేళానివో ముందే పంపకమై ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే ఇల్లూ వాకిలితో పాటు ఊర్లనూ పంచుకునేవాళ్లు. ఒక మేళం ఊర్లోకి ఇంకో మేళం పోవడానికి లేదు. దిగిన మేళం ముందు మాదిగ వాడకే రావాలి. "మేము మీ బిడ్డలం" అని చెప్పుకోవాలి. ఊరి నడుమ వేరే ఆటలు ఎన్ని ఆడినా, మాదిగల ముందు జాంబ పురాణం ఆడి తీరాలి. హక్కు, బాధ్యత, చెల్లింపు అన్నీ ఉన్న ఏర్పాటు ఇది. దీన్ని "పల్లె జనం వినోదం" అని ఒక్క మాటలో తేల్చడం నాకు నచ్చదు.

నేను కాలేజీలో యక్షగానం పాఠం చెబుతాను. సిలబస్ ఎలా ఉంటుందో మీలో తెలుగు చదివినవాళ్లకు తెలుసు. కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం', తర్వాత తంజావూరు నాయక రాజులు, విజయరాఘవ నాయకుడి ఆస్థానం, చివర్న వీధి భాగోతాల మీద ఒక పేరా. మన సాహిత్య చరిత్ర ప్రతి పుస్తకాన్నీ రెండు ప్రశ్నలు అడుగుతుంది: కవి ఎవరు, కృతిభర్త ఎవరు. రాజు డబ్బు పెడితే కృతిభర్త, జమీందారు పెడితే పోషకుడు. మరి ఎండాకాలం రాత్రి మానెడు జొన్నలు పెట్టి ఆట ఆడించుకున్న మాదిగను ఏమనాలి? "ప్రేక్షకుడు" అని రాశారు, అదీ రాసిన చోట. డాక్టరేట్ చేసిన ఏళ్లన్నీ నన్ను కుదురుగా కూర్చోనీయని మాట ఇదే. చిందు యక్షగానానికి కృతిభర్త మాదిగ వాడ. రాజాస్థానాలు పోయిన తర్వాత కూడా వందల ఏళ్లు ఆ కళను బతికించింది ఈ గింజలే.

కావ్యాలలో మనవాళ్ల జాడ బొత్తిగా లేదనీ కాదు. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలం యాత్రికుల ఆటపాటలను వరసపెట్టి చెప్పాడు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు ఏకవీర గుడి దగ్గర బవనీలు పరశురాముడి కథ పాడతారు. ఆ బవనీలే మన బైండ్లవాళ్లని పరిశోధకులు గుర్తించారు. ఏకవీర అంటే రేణుక, మన ఎల్లమ్మ. ఇవాళ జమిడిక పట్టుకొని బైండ్లాయన పాడే కథకు అంత పాతకాలపు సాక్ష్యం కావ్యంలోనే ఉంది. అయినా క్లాసులో మనం ఆ పద్యం ఛందస్సు చెప్పి ముందుకు పోతాం.

ఇప్పుడు ఆ రాత్రి ఆడే జాంబ పురాణం సంగతికి వద్దాం. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు ఆది జాంబవుడు. ఆట నడిమి భాగం ఒక వాదం. ఎదురుగా బ్రాహ్మణుడు, ఇటు జాంబవుడు. ముందు పుట్టింది ఎవరు, ఎవరి పని లేకుండా ఎవరి బతుకు నడవదు, తోలు లేకుండా ఏ వ్యవసాయం సాగింది, ఏ మద్దెల మోగింది. జాంబవుడు అడుగుతూ పోతాడు, అవతలివాడు తడబడతాడు, వాడంతా నవ్వుతుంది. ఏడాదంతా నోరు విప్పని మనుషులు ఆ ఒక్క రాత్రి బాపనాయన్ను ప్రశ్నలతో ముంచెత్తడం చూసేవాళ్లు. నిజాం కాలంలో వెట్టికి పోయివచ్చిన ఒళ్లు అక్కడే కూర్చొని ఆ నవ్వు నవ్వింది.

కానీ ఆ పురాణంలోనే ఇంకో సగం ఉంది. కామధేనువు, దాన్ని కాసే చెన్నయ్య, ఆవు మాంసం, దానివల్ల తగిలిన శాపం. మొదట పుట్టినవాడు ఎందుకు కిందికి పడ్డాడో చెప్పే భాగం. అంటే, మనం గొప్పవాళ్లమని చెప్పిన నోటితోనే మన తప్పు వల్లే ఇలా అయ్యామని కూడా ఆ ఆట చెబుతుంది. ఈ రెండో సగాన్ని చూపించి, మనువు రాసిందే మనవాళ్లు పాడుకున్నారని కొట్టిపారేసే మిత్రులు ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. నేను మాత్రం ఆ రెండు సగాల అతుకు దగ్గరే ఆగుతాను. వాదంలో జాంబవుడు ఓడిపోడు. శాపం వేరే కథగా వచ్చి తగులుకుంటుంది. గెలిచినవాణ్ని కిందికి దించడానికి ఇంకో కథ కావలసి వచ్చిందంటే, ఆ గెలుపు ఎవరికో కంటగింపు అయిందనే కదా.

ఊరి నడుమ ఆట ఇంకో తీరు. అక్కడ సారంగధర, బాలనాగమ్మ, రామదాసు. చిందు మేళంలో ఆడవాళ్లే ఆడవేషాలు కట్టేవాళ్లు, మగవేషాలూ కట్టేవాళ్లు. నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ పేరు విననివాళ్లు ఉండరు. 2005లో ఆమె కన్నుమూసేదాకా ఆ పేరే ఆ కళకు చిరునామా. జాతర రోజు ఎల్లమ్మ వేషం కట్టిన చిందామె కాళ్లకు ఊరు ఊరంతా నీళ్లు పోసి మొక్కేది, బోనం పెట్టేది. వేషం తీసిన మర్నాడు ఆమె వాకిట్లోకి వస్తే అదే ఊరు దూరం నుంచి గింజలు విసిరేది. ఆ ఎల్లమ్మ పేరు మీదనే మన ఆడపిల్లలను జోగినులుగా విడిచారు కూడా. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. కాబట్టి జాతర గురించి రాసేటప్పుడు నేను బోనం పాట ఒక్కటే వినలేను.

మనలో మనం దాచుకునేది ఇంకొకటి ఉంది. చిందోళ్లను "మా బిడ్డలు" అన్నాం, వాళ్ల బిడ్డను మన ఇంటికి కోడలిగా తెచ్చుకోలేదు. డక్కలోళ్లను వాడలోకే రానీయలేదు. కిన్నెర వాయిస్తూ, పటం చూపిస్తూ మన పుట్టుక కథ చెప్పే మనిషి మన గడప బయటే నిలబడ్డాడు. ఊరు మనల్ని ఎక్కడ నిలబెట్టిందో, మనం వాళ్లను సరిగ్గా అక్కడే నిలబెట్టాం. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తూ వార్తల్లో కనబడ్డాడు. అదే ఏడాది జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ ఒక మనిషికి ఇచ్చే పతకం, వందల వాడలు ఏటా కొలిచి ఇచ్చిన గింజల చోట నిలవదు.

ఆ గింజలు ఎప్పుడు ఆగాయి? టీవీ వచ్చి ఆటను చంపిందని అందరూ అంటారు. టీవీ కన్నా ముందే కరెంటు మోటరు వచ్చింది. బావికి మోటరు పెట్టిన రోజు మోట బొక్కెన అటకెక్కింది. బాటా చెప్పు, రబ్బరు చెప్పు వచ్చాయి. తోలు పని పోయింది, దానితో మేర పోయింది, మేర లేని ఇంట్లో త్యాగం ఎక్కడిది? తర్వాత ఎండాకాలం అర్థమే మారింది. పాలమూరు వాడలు ఎండాకాలం తాళాలేసుకొని బొంబాయి, హైదరాబాద్ పోయాయి. ఇటుక బట్టీలు నడిచేది ఆ నెలల్లోనే. మేళం దిగినా, వాడలో ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. చిందోళ్లు కూడా అదే బట్టీలకు పోయారు.

అయితే వాడలో ఎండాకాలం జనం కూడడం ఆగిపోలేదు. తేదీలు మారాయి. ఏప్రిల్ 5 బాబూ జగ్జీవన్ రామ్, 11 ఫూలే, 14 అంబేడ్కర్. పట్నంలో ఉన్న పిల్లలు కూడా 14 నాటికి ఇల్లు చేరుతున్నారు. ఇంటింటికీ చందా రాస్తున్నారు. మళ్లీ వాడ తన జేబులోంచి డబ్బు తీసి తన కోసం పాట పెట్టించుకుంటున్నది. పాత త్యాగమే ఇది, పేరు వేరు. కారంచేడు తర్వాత నలభై ఏళ్లుగా కట్టిన పాటలు, 1994 జూలై 7న ఈదుముడిలో మొదలైన దండోరా డప్పు, అన్నీ ఆ రాత్రి విగ్రహం ముందు వినబడతాయి. దండోరా అంటే ఊరి పెద్దల హుకుం చాటే వెట్టి పని. ఆ మాటనే మనవాళ్లు మన హక్కుకు పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ నాకూ మా వాడ యువకులకూ ఏటా తగువు. చందాలో పెద్ద వాటా డీజేకు పోతుంది. చిందు మేళాన్ని పిలుద్దామంటే, "సార్, బాబాసాహెబ్ జయంతికి పురాణం ఏంది?" అంటారు. తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. 1927 మార్చిలో మహాడ్ సభలో పశువుల కళేబరాలు మోయడం మానమని, ఆ మాంసం మానమని చెప్పినవాడు అంబేడ్కర్. మరుసటి ఏడాది మహార్ల వతన్ కొలువు కట్లు తెంచడానికి బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినవాడు. మేర, మిరాశీ, త్యాగం అని నేను మురిసిపోతే ఆయన ఒప్పుకునేవాడు కాదు. డప్పు శవం ముందు కొట్టం అని పడేసిన మా నాయన తరం ఆయన మాట విన్న తరమే.

కానీ అదే మహారాష్ట్రలో తమాషా ఆడే మహార్ కళాకారులు ఏం చేశారో కూడా చూడాలి. 1930లలో భీమ్‌రావ్ కర్డక్ వంటివాళ్లు తమాషా రూపాన్ని పారేయలేదు. లోపలి సరుకు మార్చి అంబేడ్కరీ జల్సా కట్టారు. ఊరూరా తిరిగి ఉద్యమం మాట పాటలో చెప్పారు. వాళ్లు కొత్తగా కట్టుకోవలసి వచ్చిన వాదం మనకు కట్టే ఉంది. జాంబవుడూ బ్రాహ్మణుడూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. శాపం సగం తీసేసి ఆడమని అడిగే హక్కు ఎవరికుంది? కృతిభర్తకు. అంటే వాడకు. అయితే చిందు కళాకారులను కూర్చోబెట్టి, వాళ్లతో కలిసి తిని, వాళ్లు ఒప్పుకుంటేనే. బిడ్డలని పిలిచి హుకుం జారీ చేస్తే మనమూ దొరలమే అవుతాం.

పోయిన ఏప్రిల్‌లో పక్క మండలంలో ఒక వాడ మేళాన్ని పిలిచింది. డీజే కూడా పెట్టారు, అది పది గంటలకు ఆగింది. తర్వాత పదకొండు నుంచి తెల్లారి నాలుగు దాకా ఆట. వాదం దగ్గరికి వచ్చేసరికి ఫోన్లలో వీడియో తీస్తున్న పిల్లలు ఫోన్లు దించి నవ్వడం మొదలుపెట్టారు. పొద్దున మేళానికి డబ్బు ఇచ్చేటప్పుడు ఒక ముసలామె కొంగులో కట్టుకొచ్చిన జొన్నలు విడిగా పోసింది. డబ్బు చందాదట, జొన్నలు తనవట.

వచ్చే భాగం డక్కలి పటం గురించి. ఆ పటం మీద ఏమేం బొమ్మలు ఉంటాయో, దాన్ని వాడ బయట ఎందుకు విప్పేవాళ్లో రాస్తాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు డక్కలోళ్లు వచ్చిన రోజులు గుర్తుంటే ఈలోపు అడిగి పెట్టండి.

జై భీమ్.

(ఇంకా ఉంది)