జాతీయ పురస్కారాలు – పొరుగు పాటలు

ఢిల్లీలో చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారని తెలిసిన మరుక్షణం మన తెలుగు ఇళ్లలో పుట్టే ప్రశ్న ఒక్కటే. "ఈసారి మనవాళ్లకు ఎన్ని వచ్చాయి?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. పుట్టిన గడ్డకు దూరంగా, ఇక్కడ కన్నడ నాట, తరాలుగా కాపురాలు చేస్తున్న మనకు ఆ లెక్క ఒక ఊరట. అయితే "మనవాళ్లు" అన్న మాటకు అర్థమేమిటో నిలిచి ఆలోచించేవారు తక్కువ. తెలుగు తల్లి కడుపున పుట్టినవారా? తెలుగు చిత్రానికి పాడినవారా? ఈ రెండూ ఒకటే అనుకుంటాము. పాట విషయంలో ఈ రెండూ చాలా తరచుగా వేరువేరు.

మేము సంగీత శాస్త్రం చదువుకున్నవారము కాము. మెట్రిక్యులేషను ప్యాసై రైల్వేలో గుమాస్తా పనిలో చేరినవారము. పద్దులు సరిచూడటం మా నిత్యకృత్యం. ఆ అలవాటు చొప్పుననే ఈ పురస్కారాల పట్టీని కూడా వరుసగా చూసుకుంటూ వచ్చాము. మా గూడ్సు రసీదులో సరుకు ఎక్కిన స్టేషను, దిగవలసిన స్టేషను రెండూ వ్రాసి ఉంటాయి. పురస్కారాల పట్టీలో పాట దిగిన స్టేషను, అనగా చిత్రం పేరు, భాష మాత్రమే కనిపిస్తాయి. పాడిన గొంతు ఏ ఊళ్లో బయలుదేరిందో అందులో ఉండదు. ఆ రెండో గడిని పూర్తిచేసి చూస్తే మనబోటి ప్రవాసాంధ్రులకు పనికివచ్చే చరిత్ర ఒకటి బయటపడుతుంది.

మొదట ఈ పురస్కారాల పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటలలో చెప్పుకుందాము. భారత ప్రభుత్వం 1953 నాటి చిత్రాలకుగాను 1954లో తొలిసారి బహుమానాలు ఇచ్చింది. ఆ ఏడు ఉత్తమ చిత్రంగా స్వర్ణ పతకం పొందినది మరాఠీ చిత్రం 'శ్యామ్‌చీ ఆయీ'. చాలా ఏండ్ల వరకు ఈ గౌరవం చిత్రాలకే గాని పాట కట్టినవారికీ పాడినవారికీ లేదు. 1967 చిత్రాలతో ఆ లోటు తీరింది. ఉత్తమ సంగీత దర్శకుడు, ఉత్తమ నేపథ్య గాయకుడు అనే బహుమానాలు ఆ ఏట మొదలైనవి. గాయనికి ప్రత్యేక బహుమానం 1968 చిత్రాలతో వచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పట్టీలో కనిపించే సంవత్సరం సెన్సారు సర్టిఫికెట్టు పొందిన సంవత్సరమే గాని చిత్రం మన ఊరి థియేటరుకు వచ్చిన సంవత్సరం కానక్కరలేదు. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనా 1979 పట్టీలో ఉన్నది. 'ఆర్ ఆర్ ఆర్' 2022 మార్చిలో వచ్చినా 2021 పట్టీకి చెందినది. ఈ సంగతి తెలియకనే కాఫీ హోటళ్లలో సగం వాదాలు జరుగుతుంటాయి.

ఇక తొలి విజేతల సంగతి. సంగీత దర్శకులలో ప్రథమ పురస్కారం 'కందన్ కరుణై' అనే తమిళ చిత్రానికి కె.వి. మహదేవన్ గారికి లభించింది. గాయకులలో 'ఉప్‌కార్' హిందీ చిత్రానికి మహేంద్ర కపూర్ గారు పొందారు. గాయనీమణులలో ప్రథమురాలు పి. సుశీల గారు. ఆమె 1935లో విజయనగరంలో పుట్టి, అక్కడి మహారాజావారి సంగీత కళాశాలలో నేర్చుకున్న అచ్చమైన తెలుగు ఆడపడుచు. అయితే ఆమెకు ఆ బహుమానం తెచ్చినది 'ఉయర్న్ద మనిదన్' అనే తమిళ చిత్రం!

ఇది కాకతాళీయం కాదు. 1950 దశకంలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ చిత్రాలలో చాలా భాగం మదరాసులోనే తయారయ్యేవి. పాడే గొంతు ఉన్నవారు ఏ నాటివారైనా అక్కడికే చేరవలసి వచ్చేది. సుశీల గారిని ఏ.వి.యం. సంస్థ నెల జీతం మీద కుదుర్చుకొని, తమిళ ఉచ్చారణ దిద్దడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి ఏర్పాటు చేసింది. పాఠం చెప్పించి, అక్షరం అక్షరం సరిదిద్దించి, అటు తర్వాత పాడించారు. ఆ ఏ.వి.యం. వారి చిత్రమే సుమారు పదిహేనేండ్లకు ఆమెకు దేశంలో తొలి గాయని పురస్కారాన్ని తెచ్చింది. 1971లో 'సవాలే సమాళి'కి మరల తమిళంలోనే వచ్చింది. తెలుగు చిత్రానికి ఆమెకు ఈ గౌరవం అందినది 1976 నాటి 'సిరిసిరిమువ్వ'తో. అటు పిమ్మట 1982లో 'మేఘసందేశం', 1983లో 'ఎం.ఎల్.ఏ. ఏడుకొండలు'. మొత్తం అయిదు. అందులో మొదటి రెండూ పొరుగువారి పాటకు వచ్చినవే.

ఇప్పుడు పద్దు రెండో వైపు చూద్దాము. తెలుగు సినిమాకు సంగీత దర్శకత్వంలో తొలి జాతీయ పురస్కారం తెచ్చిన చిత్రం 'శంకరాభరణం'. దాని సంగీత దర్శకుడు ఎవరు? తొలి పురస్కారం తమిళానికి పొందిన ఆ కె.వి. మహదేవన్ గారే. ఆయన తమిళులు. మాట వ్రాసిన తర్వాతనే దానికి వరుస కట్టడం ఆయన పద్ధతి. బాణీకి మాటను వంచక, మాట నడకను బట్టి బాణీని నడిపించారు. తెలుగు తన తల్లి భాష కాకపోయినా తెలుగు మాటకు అంత మర్యాద చేశారు. ఆ చిత్రానికే ఉత్తమ గాయని అయిన వాణీ జయరాం గారు వేలూరులో పుట్టిన తమిళ వనిత. 1991లో 'స్వాతికిరణం'తో ఆమె మరొకసారి తెలుగు పాటకే ఆ గౌరవం పొందారు. 'మేఘసందేశం' చిత్రానికి ఉత్తమ గాయకుడైన ఏసుదాసు గారు మలయాళీలు. 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988) చిత్రాలకు సంగీత పురస్కారం అందుకున్న ఇళయరాజా గారు తమిళులు. తెలుగు చిత్రానికి స్వరాలు కట్టి ఈ పురస్కారం పొందిన మొదటి తెలుగువారు 1982లో 'మేఘసందేశం' రమేష్ నాయుడు గారు. ఆయన కూడా బొంబాయి, కలకత్తాలలో పనిచేసి వచ్చినవారే!

మన బాలమురళీకృష్ణ గారి మాట చెప్పనే లేదు. తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో పుట్టిన ఆ మహానుభావుడు గాయకుడుగా పురస్కారం పొందినది 1975 నాటి 'హంసగీతె'కు, సంగీత దర్శకుడుగా పొందినది 1986 నాటి 'మధ్వాచార్య'కు. రెండూ మన ఇరుగుపొరుగువారి కన్నడ చిత్రాలే. గుంటూరు జిల్లాలో పుట్టిన ఎస్. జానకి గారికి నాలుగు వచ్చాయి. తమిళంలో రెండు ('పదినారు వయదినిలే', 'తేవర్ మగన్'), మలయాళంలో ఒకటి ('ఒప్పోల్'), తెలుగులో ఒకటి ('సితార').

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి కథ ఇంకా విచిత్రం. ఆయన 1946లో పుట్టిన కోనేటమ్మపేట పళ్ళిపట్టు ప్రాంతంలోని ఊరు. 1960లో ఆంధ్ర, మదరాసు రాష్ట్రాల సరిహద్దులు మార్చినప్పుడు ఆ ప్రాంతం మదరాసు రాష్ట్రంలోకి పోయింది. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, సరిహద్దు మాత్రం కదిలింది. ఆయనకు వచ్చిన ఆరు పురస్కారాలలో మూడు తెలుగువి: 'శంకరాభరణం', 'సాగరసంగమం', 'రుద్రవీణ'. ఒకటి హిందీ చిత్రం 'ఏక్ దూజే కే లియే' (1981), ఒకటి తమిళ చిత్రం 'మిన్సార కనవు' (1996). హిందీ చిత్రానికి ఆయన చేత పాడించడానికి సంగీత దర్శకులు మొదట సంకోచించారనీ, కథానాయకుడు దక్షిణాది కుర్రవాడే గనుక ఆ గొంతే తగునని దర్శకుడు బాలచందర్ గారు పట్టుబట్టారనీ ప్రసిద్ధం.

మిగిలిన ఒకటి కన్నడం. 1995 నాటి ఆ చిత్రం పేరు 'సంగీత సాగర గానయోగి పంచాక్షర గవాయి'. మన హుబ్బళ్ళి నుంచి రైలు మార్గాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో గదగ ఉన్నది. అక్కడ అంధులకూ అనాథలకూ అన్నం పెట్టి సంగీతం నేర్పే వీరేశ్వర పుణ్యాశ్రమాన్ని నడిపిన అంధ గాయకుడు పంచాక్షర గవాయి గారు. ఆయన 1944లో పరమపదించారు. ఆ మహనీయుని చరిత్రను వెండితెర మీద గానం చేయడానికి తెలుగు గొంతు కావలసి వచ్చింది. కన్నడిగులు దానిని పరాయి గొంతు అనలేదు. తమ బిడ్డగా తలకెత్తుకున్నారు.

ఇది సినిమావారు కొత్తగా కనిపెట్టిన దారి కాదు. త్యాగరాజస్వామి తమిళ నాట తిరువారూరులో పుట్టి, కావేరి ఒడ్డున తిరువయ్యారులో బ్రదికి, తెలుగులో కీర్తనలు చెప్పారు. ఆయన కుటుంబం మనవంటి వలస కుటుంబమే. కన్నడ దేశీయులైన మైసూరు వాసుదేవాచార్యులవారి కృతులు అధిక భాగం తెలుగు సంస్కృతాలలోనివే. ఈ దక్షిణ దేశంలో పాటకు పొలిమేర రాళ్లు ఎన్నడూ లేవు. ఢిల్లీ పట్టీ ఈ పాత నిజాన్నే ఏటేటా మరల వ్రాస్తున్నది.

అయితే, "ఇందువల్ల మనకు ఒరిగేదేమిటి?" అని అడగవచ్చు. రెండు సంగతులు ఉన్నవని మా అభిప్రాయం.

మొదటిది, మనలో కొందరు పెద్దలు ఇప్పటికీ కన్నడం నేర్వడం ఏదో లొంగుబాటు అన్నట్లు మాట్లాడుతారు. పిల్లవాడు కన్నడంలో మొదటి మార్కు తెచ్చుకుంటే సంతోషించడానికి వెనుకాడుతారు. ఈ పెద్దలు సుశీల గారి మొదటి పురస్కారాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఆమె తమిళ ఉచ్చారణ నేర్చుకున్నందువల్ల ఆమె తెలుగు తరిగిపోలేదు. పొరుగు భాషను శ్రద్ధగా నేర్చుకోవడం ఉన్న ఊరికి మనం చెల్లించవలసిన మర్యాద. చెల్లించినవారిని ఆ ఊరు మరచిపోలేదు.

రెండవది కొంచెం చేదుగా ఉంటుంది. వేలూరు వాణీ జయరాం గారు, కేరళ ఏసుదాసు గారు తెలుగు పాటకు దేశంలోనే ఉత్తమ పురస్కారం పొందారు. వారికి తెలుగు పుట్టుకతో రాలేదు. కష్టపడి సంపాదించుకున్నారు. మన పిల్లలకు పుట్టుకతో వచ్చింది. మనం దానిని ఏం చేస్తున్నాము? మన సంఘం ఉగాదికి జరిపే పాటల పోటీలలో పిల్లలు తెలుగు పాటను కన్నడ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసుకొని వస్తున్నారు. "ఱ" అంటే ఏమిటని ఒక పాప మమ్మల్నే అడిగింది. ఆ పాప గొంతు ఎంతో మధురం. తప్పు పాపది కాదు. బడిలో తెలుగు లేదు, ఇంట్లో తీరిక లేదు. కాని ఇట్లా మరొక తరం గడిస్తే, "మనవాళ్లకు ఎన్ని వచ్చాయి" అని లెక్కపెట్టే హక్కు మనకు పేరుకు మాత్రమే మిగులుతుంది. పుట్టుకను చూపించి బహుమానంలో వాటా అడగడం సులభం. ఆ పాటలోని మాట తప్పులేకుండా పలికి, దాని అర్థం ఎరిగి ఉండటం కష్టం. సుశీల గారు తమిళానికి పడిన శ్రమ, మహదేవన్ గారు తెలుగుకు చేసిన మర్యాద, మనం మన సొంత భాషకైనా చేయనక్కరలేదా?

అందుచేత మేము సంఘ కార్యవర్గం వారికి ఒక చిన్న మనవి చేస్తున్నాము. వచ్చే ఏటి పాటల పోటీకి ఒక నియమం పెట్టండి. పాడదలచిన పిల్లలు ఆ పాటను తమ చేతితో తెలుగు లిపిలో వ్రాసి ముందుగా ఇవ్వాలి. అక్షర దోషాలకు మార్కులు తగ్గించవద్దు. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇవ్వండి, చాలు. ఆదివారం సాయంకాలాలలో గంటసేపు కూర్చుని దిద్దడానికి మేము సిద్ధము. మాతోపాటు మరో ఇద్దరు ముగ్గురు మిత్రులు కూడా ముందుకు వచ్చారు. పోటీలో ఒక కన్నడ పాట కూడా తప్పనిసరి చేస్తే మరీ మంచిది. దానిని దిద్దడానికి పక్క వీథి కన్నడ మాస్టర్లను పిలుద్దాము. వారు కాదనరు.

2023 అక్టోబరు 17న విజ్ఞాన భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు 2021 చిత్రాలకు పురస్కారాలు అందజేశారు. 'పుష్ప' పాటలకు దేవిశ్రీ ప్రసాద్, 'ఆర్ ఆర్ ఆర్' నేపథ్య సంగీతానికి కీరవాణి, అదే చిత్రంలో పాటకు కాలభైరవ గార్లు అందుకున్నారు. ఆనాడు మన కాలనీలో మిఠాయిలు పంచుకున్నాము. ఇకముందు కూడా పంచుకుందాము. ఆ పట్టీని తెలుగులో అచ్చువేసి మన సంఘం గోడకు అంటించిన నాడు, దానిని కూడబలుక్కోకుండా చదివే పిల్లలు మన ఇంటింటా ఉండాలి. కొత్త సంవత్సరంలో ఆ పని మొదలుపెడదాము.