దక్షిణాఫ్రికా రంగస్థలం మీద గ్రీకు విషాదాంత నాటకాలు

ఉగాది నాటకం ఏ భాషలో వేయాలన్న విషయం మీద మొన్నటి కార్యవర్గ సమావేశంలో జరిగిన వాదోపవాదాలు మీలో చాలామందికి తెలిసినవే. తెలుగులో తప్ప వేయరాదని పెద్దలు పట్టుబట్టారు. పిల్లలకు పద్యం నోరు తిరగదనీ, అర్థం తెలియని మాటలు చిలకల్లా వల్లించడం కంటే ఇంగ్లీషులో ఆడించడమే మేలనీ కొందరు తల్లులు అన్నారు. కాఫీ మూడుసార్లు తిరిగింది గాని మాట తేలలేదు. నేను వైద్యుణ్ణి. నాటకాలు ఆడినవాణ్ణి కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాను. అయినా ఆ రాత్రి ఇంటికి వెళ్తుంటే, ఇటువంటి తగాదాయే మరో దేశంలో మరింత పెద్ద ఎత్తున జరిగిన సంగతి గుర్తుకు వచ్చింది. ఆ దేశం దక్షిణాఫ్రికా. ఆ నాటకాలు సుమారు రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందటి గ్రీకు నాటకాలు. నాకు తెలిసిన మేరకు ఆ కథ చెబుతాను.

ఈ సంగతులు నాకు మొదట చెప్పింది మా వార్డులో పనిచేసే ఒక సిస్టర్. ఆవిడ సొంత ఊరు పోర్ట్ ఎలిజబెత్. 2021లో ఆ ఊరి పేరు కెబెర్హా అని మార్చారు. ఆవిడ ఇంట్లో మాట్లాడే భాష ఆఫ్రికాన్స్. అయితే ఆవిడ తెల్లజాతి మనిషి కాదు. ఆఫ్రికాన్స్ అంటే అక్కడి పోలీసుల భాష కదా అని నేను నోరు జారితే, ఆవిడ నవ్వి ఊరుకోక, తన అమ్మమ్మ ప్రార్థన చేసుకున్నదీ ఆ భాషలోనే అన్నది.

ఆ మాట నిజం. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కేప్‌లో స్థావరం పెట్టింది. ఆ కంపెనీకి మన మచిలీపట్నంలోనూ, పులికాట్‌లోనూ గిడ్డంగులు ఉన్న రోజులవి. ఇండోనేషియా నుంచి, మడగాస్కర్ నుంచి, బెంగాలు, మలబారు, మన కోరమండల్ తీరాల నుంచి బానిసలను ఓడల్లో కేప్‌కు తరలించారు. ఆ బానిసలు, అక్కడి ఖోయ్ జాతివారు, డచ్చి రైతులు కలిసి మాట్లాడుకోగా డచ్చిభాష అరిగి, మారి, ఆఫ్రికాన్స్ అయింది. 19వ శతాబ్దంలో కేప్ ముస్లిములు ఆ భాషను అరబ్బీ లిపిలో రాసుకున్నారు. తరువాత తెల్ల జాతీయవాదులు దాన్ని తమ జెండాగా ఎత్తుకున్నారు. 1925లో ఇంగ్లీషు సరసన అది అధికారభాష అయింది. 1933లో బైబిలు వచ్చింది. ఈనాటికి కూడా దాన్ని మాతృభాషగా చెప్పుకునేవారిలో సగానికి పైగా తెల్లవారు కారు.

కొత్తగా పీఠమెక్కిన భాషకు ఒక ఆరాటం ఉంటుంది. వంటింటి భాష అని పూర్వం ఈసడించినవారి ఎదుట, మా భాషలో చెప్పలేనిది లేదు అని నిరూపించుకోవాలి. మహాభారతం తెలుగులోకి వచ్చాక తెలుగుకు ఎంత గౌరవం కలిగిందో మనకు తెలియనిది కాదు. ఆఫ్రికాన్స్ పండితులు అటువంటి ఆశతోనే గ్రీకు నాటకాల వైపు చూశారు. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జె.పి.జె. వాన్ రెన్స్‌బర్గ్ పలు నాటకాలను ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా గ్రీకు నుంచి ఆఫ్రికాన్స్‌లోకి తెచ్చాడు. కవి డి.జె. ఓపర్‌మన్ 1954లో కొరింతు రాజు పెరియాండ్రోస్ కథను ఆఫ్రికాన్స్ పద్యనాటకంగా రాశాడు. 1947లో నెలకొల్పిన జాతీయ నాటక సంస్థ ఆఫ్రికాన్స్‌లోనూ, ఇంగ్లీషులోనూ నాటకాలు ఆడేది. 1963 నుంచి ఆ బాధ్యతను రాష్ట్రాలవారీగా కళామండళ్ళు తీసుకున్నాయి. వాటికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, భవనాలు కట్టించింది.

అయితే ఆ భవనాల్లో ఎవరు కూర్చోవాలో కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. 1965లో వచ్చిన ఉత్తర్వుతో వేరువేరు జాతులవారు కలిసి నాటకం ఆడడం, కలిసి చూడడం నిషిద్ధమయింది. 1971లో కేప్‌టౌన్‌లో తెరిచిన నికో మలాన్ నాటకశాల మొదట తెల్లవారికే. అందరినీ రానిచ్చింది 1975లో. ఏథెన్సు నాటకాలు ఎంత శుద్ధమైన ఆఫ్రికాన్స్‌లో ఆడినా, ఆ భాష పుట్టుకలో పాలున్న మనుషులకు ఆ హాలులో కుర్చీ లేదన్నమాట.

ఇక ఆ నాటకాల్లో ఒకదాని కథ చెప్పాలి. సోఫోక్లిస్ రాసిన ‘ఆంటిగొని’ క్రీస్తుపూర్వం 441 ప్రాంతాల్లో ఆడినది. అన్నదమ్ములిద్దరు యుద్ధంలో ఒకరినొకరు చంపుకుంటారు. రాజు క్రియాన్ ఒకడికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించి, రెండోవాడు రాజద్రోహి గనుక వాడి శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలివేయమంటాడు. చెల్లెలు ఆంటిగొని ఆజ్ఞను ధిక్కరించి అన్న మీద గుప్పెడు మట్టి చల్లుతుంది. అందుకు ఆమె ప్రాణం పోతుంది. రాజు కొడుకూ, భార్యా కూడా పోతారు.

ఈ కథ నేను చదివింది మా నాన్నగారు పోయిన ఏడాది. కబురు అందేసరికి ఇక్కడ రాత్రి. టికెట్టు దొరికి ఇల్లు చేరేసరికి పదకొండో రోజు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ బాధ ఎటువంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. మనలో ప్రతి ఇంటివారూ అర్ధరాత్రి ఫోను మోగితే ముందు భయపడేది దాని గురించే. నాకు అడ్డు వచ్చింది దూరం మాత్రమే. ఆంటిగొనికి అడ్డు వచ్చింది చట్టం. చట్టం అడ్డువస్తే ఎలా ఉంటుందో పోర్ట్ ఎలిజబెత్ వాళ్ళకు తెలుసు.

ఆ ఊరి పక్కన న్యూ బ్రైటన్ అనే నల్లవారి పేట ఉంది. అక్కడి గుమాస్తాలు, పంతుళ్ళు, కూలీలు కొందరు 1963లో ఒక నాటక బృందం కట్టారు. మ్యూజియంవారు పాములను ఉంచి తరువాత విడిచిపెట్టిన గొయ్యి వారి మొదటి రంగస్థలం. అందుకే వారికి సర్పెంట్ ప్లేయర్స్ అని పేరు వచ్చింది. వారికి తోడుగా నిలిచినవాడు అథోల్ ఫ్యూగార్డ్. తల్లి ఆఫ్రికానర్, తండ్రి ఇంగ్లీషు మాట్లాడే మనిషి. రాసింది ఇంగ్లీషులో. 2025 మార్చిలో 92 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ బృందం 1965లో ఇంగ్లీషులో ‘ఆంటిగొని’ ఆడింది. రిహార్సళ్ళు నడుస్తుండగానే నటులను పోలీసులు పట్టుకుపోయారు. రాజకుమారుడి వేషం వేయవలసిన యువకుణ్ణి రాబెన్ ద్వీపం జైలుకు పంపారు.

ఆ రోజుల్లో ఆ పేటలో ప్రతివారికీ తెలిసిన పేరు ఉయిసిలే మిని. రేవులో పనిచేసిన కార్మిక నాయకుడు. గొప్ప గాయకుడు; పాటలు కట్టేవాడు. 1964 నవంబరు 6న అతణ్ణీ, ఖయింగా, మ్కాబా అనే మరిద్దరినీ ప్రిటోరియాలో ఉరితీశారు. శవాలను ఇళ్ళవాళ్ళకు ఇవ్వలేదు. దిక్కులేనివారిని పూడ్చే శ్మశానంలో రహస్యంగా పూడ్చారు. ఉరితీసిన ఖైదీ శరీరం ప్రభుత్వానిదేనని అప్పట్లో అక్కడి పద్ధతి. ఆ మరుసటి ఏడే ఆ ఊళ్ళో ‘ఆంటిగొని’ ఆడారు. శవానికి మట్టి ఇవ్వరాదనే రాజు గురించి ఆ ప్రేక్షకులకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పవలసిన పని ఉండి ఉండదు. మిని, అతని సహచరుల అవశేషాలను తవ్వి తీసి, న్యూ బ్రైటన్‌కు తెచ్చి గౌరవంగా అంత్యక్రియలు జరిపింది 1998లో. అంటే 34 ఏళ్ళ తరువాత.

జైలుకు వెళ్ళిన ఆ యువకుడు నాటకాన్ని మరిచిపోలేదు. ఖైదీల వినోద కార్యక్రమంలో ఆంటిగొని కథను గుర్తున్నంతవరకు క్లుప్తంగా ఆడించాడు. ఆ కబురు బయటికి వచ్చింది. దాని ఆధారంగా ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా ముగ్గురూ కలిసి అల్లిన నాటకమే ‘ది ఐలండ్’. 1973 జులైలో కేప్‌టౌన్‌లోని స్పేస్ నాటకశాలలో మొదటిసారి ఆడారు. జైళ్ళ గురించి రాయడం నేరమైన కాలం గనుక ద్వీపం అన్న మాటే ఎత్తలేదు. ‘డీ హొడోషె స్పాన్’ అని ఆఫ్రికాన్స్ పేరు పెట్టారు. హొడోషె ముఠా అని అర్థం. హొడోషె అంటే ఖోసా భాషలో శవాల మీద వాలే పచ్చ ఈగ. ఒక జైలు వార్డరుకు ఖైదీలు పెట్టుకున్న మారుపేరు. ఇంగ్లీషు నాటకానికి ఆఫ్రికాన్స్ పేరు, అందులో ఒక ఖోసా మాట! భాషాభిమానులు ఏమనుకుంటారో గాని, ఆ జైలు జీవితం ఉన్నది అలాగే.

ఆ నాటకంలో ఇద్దరే ఖైదీలు. పగలంతా ఇసుక తవ్వి, రాత్రి కొట్లో ‘ఆంటిగొని’ రిహార్సలు చేస్తారు. తాళ్ళతో చేసిన సవరం పెట్టి ఒకణ్ణి ఆడవేషం కట్టమంటే, అందరూ నవ్వుతారని వాడు మొరాయిస్తాడు. స్థానం నరసింహారావుగారి సత్యభామను తలుచుకుని మురిసే మన పెద్దలకు ఆ ఇబ్బంది వింతగా ఉంటుంది. ఇంతలో తోటివాడికి శిక్ష తగ్గి మూడు నెలల్లో విడుదల అని తెలుస్తుంది. వీడిది యావజ్జీవం. చివరికి వీడు ఆ వేషం కట్టి నిలబడి, సవరం తీసివేసి, తన సొంత గొంతుతో మాట్లాడతాడు. కానీకి, ఎన్‌ట్షోనాకి 1975లో అమెరికాలో టోనీ బహుమతి వచ్చింది. ఎన్‌ట్షోనా 2018లో పోయాడు.

అదే జైలులో నెల్సన్ మండేలా కూడా ‘ఆంటిగొని’లో వేషం వేశాడు. ఆంటిగొని పక్షం మనిషి అయినా ఆయన కట్టింది క్రియాన్ వేషం. 1994లో వచ్చిన ఆత్మకథలో దాన్ని గుర్తుచేసుకుంటూ, న్యాయానికి దయ తోడు లేకపోతే నాయకుడికి చేటు అనే అర్థం వచ్చేలా రాశాడు. రాజ్యం చేతికి రాకముందే రాజు తప్పును తన నోటితో పలికి చూసుకున్న మనిషి ఆయన.

మిగిలిన నాటకాల సంగతీ ఇంచుమించు ఇంతే. యూరిపిడిస్ ‘మెడియా’ పరదేశి భార్యను భర్త విడిచిపెట్టిన కథ. 1949 చట్టం తెల్లవారికీ ఇతరులకూ పెళ్ళిళ్ళను నిషేధించింది. కవి గై బట్లర్ 1960 ప్రాంతాల్లో మెడియా పేరులోని అక్షరాలనే తారుమారు చేసి ‘డెమియా’ అని ఇంగ్లీషు నాటకం రాశాడు. అందులో నాయిక టెంబు రాచకన్య, భర్త తెల్ల సైనికాధికారి. మిశ్రమ తారాగణం నిషిద్ధం గనుక రంగం ఎక్కడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది. 1994లో మార్క్ ఫ్లైష్‌మన్, జెన్నీ రెజ్నెక్ తమ ‘మెడియా’లో ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, ఖోసా కలిపి పలికించారు.

పగకు పగ అనే ఒరెస్టిస్ కథను యేల్ ఫార్బర్ 2003లో ‘మొలోరా’గా మార్చింది. సెసోతో భాషలో మొలోరా అంటే బూడిద. సత్య సమన్వయ సంఘం విచారణ హాలులా రెండు బల్లలు, మైకులు. తల్లి తెల్లజాతి స్త్రీ, బిడ్డలు నల్లవారు. తడిసంచి ముఖానికి తొడిగి ఊపిరి ఆడకుండా చేసే చిత్రహింసను తల్లి చేసి చూపుతుంది. వైద్యుణ్ణి గనుక ఆ ఘట్టం చదివి పుస్తకం కాసేపు పక్కన పెట్టాను. చివర గొడ్డలి ఎత్తిన బిడ్డల చేతిని పల్లెటూరి ఖోసా స్త్రీల బృందం ఆపుతుంది. గ్రీకు కథలో దేవతలు చేసిన పని ఇక్కడ ఊరి ఆడవాళ్ళు చేశారు.

మరి ఆఫ్రికాన్స్ ఏమయింది? 1976 జూన్ 16న సొవెటో పిల్లలు ఆ భాషను తమ బడులపై రుద్దవద్దని వీధిలోకి వస్తే కాల్పులు జరిగాయి. అంతటితో ఆ భాషకు రంగస్థలం మీద మర్యాద ముగిసిందనుకోవచ్చు. కాని ముగియలేదు. కవయిత్రి ఆంట్యీ క్రోగ్ ఆ విచారణ సంఘం ఎదుట బాధితులు చెప్పిన మాటలను రేడియో విలేఖరిగా రోజుల తరబడి విన్నది. తరువాత మండేలా ఆత్మకథను ఆఫ్రికాన్స్‌లోకి అనువదించింది. 2002లో బెల్జియం రచయిత టామ్ లనోయ్ రాసిన ‘మమ్మా మెడియా’ను కూడా ఆ భాషలోకి తెచ్చింది. ఈసారి ఆఫ్రికాన్స్ గొప్పదని నిరూపించడానికి కాదు. ఆ భాషలో ఒప్పుకోవలసినవీ, ఏడవవలసినవీ ఉన్నాయి గనుక.

ఈ చరిత్ర తెలిశాక మన సమావేశంలో ప్రశ్న తలకిందులుగా వేశామని నాకు అనిపించింది. అక్కడ భాష పరువు కోసం ఆడిన నాటకాలు చాలామటుకు హాళ్ళతోనే ఆగిపోయాయి. చెప్పక తప్పని మాట ఉండి ఆడినవి జైలు గోడలు దాటాయి. ఆ మాట ఇంగ్లీషులో వచ్చింది, ఖోసాలో వచ్చింది, చివరికి ఆఫ్రికాన్స్‌లోనూ వచ్చింది.

కనుక కార్యవర్గానికి నా మనవి ఇది. ముందు మన ఇళ్ళలో చెప్పుకోకుండా ఉండిపోయిన మాట ఏదో పిల్లలనే అడుగుదాం. అర్ధరాత్రి ఫోను గురించి ఒక నాటిక రాస్తానని మా పదేళ్ళ అమ్మాయి అప్పుడే కాగితం పట్టుకుంది. తాతయ్య పాత్రకు తెలుగే కావాలంటోంది. తాతయ్య ఇంగ్లీషులో మాట్లాడితే ఆయన తాతయ్యలా ఉండడట. ఆ మాటలు రాసిపెట్టమని నన్ను అడిగింది. రాస్తున్నాను.