గోడలకు కన్నులు

గోడలకు చెవులుండునని మన పెద్దలు చెప్పుచుండెడివారు. కన్నులు కూడ నుండునని వారు చెప్పలేదు. నిస్తంత్రీ తరంగములు గోడలను లెక్కచేయవన్న సంగతిని మన దేశమున కన్నులారా చూపినవారు జగదీశచంద్ర బోసుగారు. 1895 ప్రాంతమున కలకత్తాలో వారు పుట్టించిన తరంగములు గోడలు దాటిపోయి, ఆవల గంట మ్రోగించి తుపాకిమందును పేల్చినవి. గోడ దాటిపోవు తరంగము గోడ వెనుకనున్న మనుష్యుని జాడను గూడ తేగలదనియు, అందులకు చౌకయైన చిన్న పరికరములు పదుగురు కూడినట్లు కూడిన చాలుననియు తేలుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథను, అందు స్త్రీలు వహించిన భాగమును, మన యిండ్లకు దానివలన రాదగిన చిక్కును ఇచట తెలుపదలచితిమి.

1922 సెప్టెంబరులో వాషింగ్టను నగరమున అమెరికా నౌకాదళ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్టు టెయిలరు, లియో యంగు అను శాస్త్రజ్ఞులు అయిదు మీటర్ల తరంగములను పరీక్షించుచుండిరి. ప్రసారిణి అనకోస్టియాయందున్నది. గ్రాహకమును మోటారుబండిలో పెట్టుకొని వారు నీటి కావలి గట్టునకు పోయిరి. సమముగా వినబడవలసిన ధ్వని ఉన్నట్టుండి ఇంచుమించు రెట్టింపాయెను, పిమ్మట సగమునకు పడిపోయెను, మరల లేచెను. కారణమరయగా, డార్చెస్టరను కొయ్య పొగయోడ యొకటి పొటోమాక్ నదిలో ఆ రెండు పరికరముల నడుమగా సాగిపోవుచుండెను.

మరియొకరైన దీనిని విఘ్నమని విసుగుకొని యుందురు. వీరు దానిని వార్తగా గ్రహించిరి. యుద్ధనౌకలు రెండు కొన్ని మైళ్ల యెడముగా నిలిచి తమలో తాము తరంగములు పంపుకొనుచుండినచో, చీకటిలోగాని మంచులోగాని పొగతెరలోగాని వాని నడుమ దూరిపోవు శత్రునౌక జాడ తెలియునని టెయిలరు పైయధికారులకు వ్రాసెను. వారు దానిని పట్టించుకొనలేదు. (కచేరీలలో కాగితములకు పట్టు గతి అన్ని దేశములందు నొకటే కాబోలు!) చదువరులు ఇచట నొక విషయము గుర్తుంచుకొనవలెను. ఆ పొగయోడపై నీ పనికై ఏ యంత్రమును లేదు. తాను కనబడితినన్న యెరుకయు దానికి లేదు. చూచినది ఏ యొక్క పరికరమును కాదు, రెంటి కూటమి.

పదుమూడేండ్ల పిదప, 1935 ఫిబ్రవరి 26వ తేదిని, ఇంగ్లండులో రాబర్టు వాట్సన్ వాట్, ఆర్నాల్డు విల్కిన్సు గారలు డావెంట్రీ రేడియో కేంద్రమువారి ప్రసారముననే వాడుకొని ఎగురుచున్న విమానమును ఎనిమిది మైళ్ల దూరమువరకు పసిగట్టిరి. పాటలు, వార్తలు వినిపించుటకై పుట్టిన తరంగము వేగుచూచు పనికి వచ్చినది. దాని ఫలముగా ఇంగ్లండు తీరమున చెయిన్ హోం అను కేంద్రముల వరుస లేచినది.

ఈ కేంద్రములకొక లోపముండెను. విమానమెంత దూరమున నున్నదో అవి చక్కగా చెప్పగలవు. ఏ దిక్కుననున్నదో అంత చక్కగా చెప్పలేవు. రెండూళ్ల కావలివారిని తలచుకొందము. దొంగ మా యూరికి ఆరు కోసులలో నున్నాడని ఒకడును, మా యూరికి నాలుగు కోసులలో నున్నాడని మరియొకడును చెప్పినచో, పటముమీద రెండు వృత్తములు గీసి అవి ఖండించుకొనుచోట వానిని పట్టవచ్చును. ఒక్కని మాట చాలదు. ఇట్లు పలుకేంద్రముల మాటలను కలిపి చూచుటకు లండను సమీపమున బెంట్లీ ప్రయరీయందొక గది ఏర్పడినది. నలువైపులనుండి టెలిఫోనులో వచ్చు అంకెలను విని పెద్ద పటముపై రంగుబిళ్లలు జరిపినవారిలో విమానదళపు స్త్రీ సహాయకసేనవారనేకులు. పొరపడుటకు గాని మరల అడుగుటకు గాని వ్యవధి యుండెడిది కాదు. నేడు గణనయంత్రము చేయు లెక్కను ఆనాడు ఆ యువతుల చెవులు, చేతులు చేసినవి.

బాంబులు పడునపుడు ఆడువారు నిలువలేరని శంకించినవారు లేకపోలేదు. 1940 ఆగస్టు 18వ తేదిని పోలింగ్ అను కేంద్రముపై శత్రువిమానములు విరుచుకొని పడినపుడు, ఏవిస్ హెర్ను అను యువతి టెలిఫోను బల్ల విడువక కడవరకు వార్తలు పంపుచునే యుండెను. ఆమెకు మిలిటరీ మెడల్ ఇచ్చిరి. ఆ సేనలోని స్త్రీకి జీతము మాత్రము పురుషుని జీతములో మూడింట రెండువంతులే. పతకమునకు లేని భేదము జీతమునకేల వచ్చెనో మాకు బోధపడదు.

ఇక ఇటీవలి కథ. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున జోయీ విల్సను, నీల్ పట్వారీ గారలు 28 చిన్న రేడియో పరికరములను ఒక చదరము చుట్టును నిలిపి, ప్రతిదానిని తక్కినవానితో మాటలాడించిరి. జతలు లెక్కించిన 378 దారులగును. నడుమ మనిషి నిలిచినచో వాని దేహము కొన్ని దారులలో తరంగమును మందగింపజేయును. ఏ యే దారులు మందగించినవో కూర్చిచూడగా వాని నీడ ఏర్పడును. వైద్యులు ఎక్సురే కిరణములను పలుదిక్కుల నుండి పంపి దేహము లోపలి చిత్రమును తీయు పద్ధతికి ఇది తోబుట్టువు. 2010లో ఈ ప్రయోగము అచ్చుపడినది. మరుసటి యేట వారే 34 పరికరములను ఒక యింటి గది గోడల వెలుపల అమర్చి, లోపల నడచు మనిషిని అనుసరింపగలిగిరి. అతని యొద్ద ఏ పరికరమును లేదు. పొటోమాక్ నదిమీది పొగయోడ స్థానమున మనిషి నిలిచినాడు, అంతియే భేదము. పిదప ఊపిరి లెక్కించుట కూడ సాధ్యమైనది. 2025లో సామాన్యమైన వైఫై పెట్టెలకే ఈ విద్యను నేర్పు ప్రమాణమును ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంఘము ప్రకటించినది.

దీనివలన మేలు లేదని మేమనము. ఒంటిగానున్న ముదుసలి స్నానపుగదిలో జారిపడినచో, ఛాయాచిత్రము తీయకయే కొడుకునకు కబురు పంపవచ్చును. అది చిన్న మేలు కాదు. కాని గోడ యెందుకు కట్టుకొందుము?

అమెరికాలో ఈ ప్రశ్న న్యాయస్థానమునకెక్కినది. 1992లో ఆరెగాన్ రాష్ట్రమున పోలీసులు వీధిలో బండియందే కూర్చుండి, వేడిని పసిగట్టు యంత్రముతో ఒకని యింటిని పరీక్షించి, లోన గంజాయి పెంచుచున్నాడని పట్టిరి. అధికారపత్రము లేకుండ అట్లు చూచుట ఇల్లు సోదాచేయుటయే యనియు, అది రాజ్యాంగ విరుద్ధమనియు 2001 జూన్ 11వ తేదిని అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి, నలుగురు విభేదించిరి. తీర్పు వ్రాసిన స్కేలియాగారు, ఇట్టి యంత్రము ఇల్లాలు స్నానమాడు వేళను గూడ బయటపెట్టగలదనిరి. గోడ కావల చూచు రాడారును ప్రస్తావించిరి. మన సుప్రీంకోర్టున 2017 ఆగస్టు 24వ తేదిని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించిరి.

ఈ తీర్పులు ముఖ్యముగా వీధిలోని ప్రభుత్వమునకు కళ్లెము వేయును. ఇంటిలోని ప్రభుత్వము మాటయేమి? 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణచట్టము, వ్యక్తి తన సొంత లేక గృహప్రయోజనమునకై వాడుకొను సమాచారమునకు వర్తింపదు. కోడలెన్ని మారులు రాత్రి లేచెనో, పనిమనిషి యెంతసేపు కూర్చుండెనో ఇంటియజమాని పెట్టెనడిగి తెలిసికొనినచో ఆ చట్టము కలుగజేసికొనదు. తలుపు గడియ వేసికొనుటయే తప్పుగా నెంచబడు ఇండ్లు మనలో నింకను గలవు. అట్టి యింట గడియయు నిష్ఫలమగును.

కాబట్టి ఈ గుణముగల వైఫై పెట్టెలను అమ్మువారు ఆ సంగతిని పెట్టెమీదనే సులభమైన తెలుగున వ్రాయవలెననియు, దానిని ఆపు మీట ఇంటిలోని వారందరి చేతికి అందునట్లు ఉండవలెననియు మేము కోరుచున్నాము. చదువురాని పనిమనిషికి నోటితో చెప్పవలెను.