ఏటి గట్టున గడ్డి పాతర

విషము కలిసిన నీటిలో చేపలు చచ్చుట వింత కాదు. కాని పశువులు ఇష్టముతో తిను మేతనుండి ఊరిన రసము కూడ ఏటిని నిర్జీవము చేయగలదు. ఈ సత్యము చట్టమునకెక్కుటకు బ్రిటనులో చాలకాలము పట్టినది.

నీటిలో కరిగియుండు ప్రాణవాయువు మిక్కిలి స్వల్పము. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును. పేడ, మురుగు, మేతరసము వంటి సేంద్రియ పదార్థములు ఏటిలో పడినపుడు, వానిని తిని వృద్ధిపొందు సూక్ష్మజీవులు ఈ వాయువును త్వరత్వరగా వాడుకొనును. గాలినుండి నీటిలోనికి చేరు వాయువు ఆ లోటును పూరింపజాలనిచో చేపలకు ఊపిరాడదు.

ఈ హానిని కొలుచు పద్ధతికి ప్రమాణము నేర్పరచినది 1898లో బ్రిటనులో నియమింపబడిన మురుగునీటి రాయల్ కమిషన్. నీటి నమూనాను 65 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద 5 దినములుంచి, అందు ఖర్చయిన ప్రాణవాయువును లెక్కకట్టుదురు. దీనినే బి.ఓ.డి. పరీక్ష అందురు. ఏటిలో కనీసము 8 రెట్లు నీటితో కలియునట్లయిన, శుద్ధిచేసిన మురుగునీటి బి.ఓ.డి. లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని 1912లో కమిషన్ సూచించినది.

పట్టణముల మురుగునకు ఇట్లు హద్దు ఏర్పడినది. పొలములలో మరియొక చిక్కు పెరుగుచుండెను. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున బ్రిటిషు రైతులు పెక్కుమంది ఎండుగడ్డికి మారుగా, పచ్చిగడ్డిని గాలి చొరకుండ అదిమి, పులియబెట్టి నిలువచేయసాగిరి. ఇదియే పాతర గడ్డి, లేక సైలేజి. తడిగడ్డిని అదిమినపుడు పుల్లని రసము కారును. ఇండ్ల మురుగునీటి బి.ఓ.డి. లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు కాగా, పేడనీటికి 10,000 నుండి 20,000 వరకును, ఈ రసమునకు 30,000 నుండి 80,000 వరకును ఉండును. అనగా ఒక్క లీటరు రసము నూరు లీటర్ల మురుగునీటికి తీసిపోదు.

ఏటిలో కలిసిన రసమును తిరిగి తోడివేయుట ఎవరి తరమును కాదు. దానిని పుట్టినచోటనే పట్టవలెను. 1991లో ఇంగ్లండు, వేల్సులకు చేసిన నిబంధనల సారమిదియే: కొత్త గడ్డి పాతరను, పేడనీటి తొట్టిని ఏటికి 10 మీటర్ల లోపల కట్టరాదు, పాతర అడుగున రసము ఇంకరాదు, చుట్టును కాలువ, ఆ కాలువ చేరుటకు తొట్టి ఉండవలెను. పట్టిన రసమును నీటితో పలుచన చేసి పొలమునకు ఎరువుగా వాడవచ్చును.

భారతదేశమున నీటి కాలుష్య నివారణ చట్టము 1974లో వచ్చినది. ఇచ్చటి వేడిమికి తగినట్లు బి.ఓ.డి. పరీక్షను 27 డిగ్రీల వద్ద 3 దినములు జరుపుదురు. నీరు వేడెక్కినకొలది అందు నిలుచు ప్రాణవాయువు తగ్గును. 30 డిగ్రీల వద్ద అది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే. కావున వాగు ఒడ్డున వేసిన పెంటకుప్పపై తొలకరి వాన కురిసిన, ఎరువు పొలమునకు దక్కదు, వాగునకు ఊపిరి దక్కదు. కుప్పను వాగునకు దూరముగా మెరకపై వేసి, చుట్టును చిన్న గట్టు కట్టినచో రెండును నిలుచును.