వయోజన తరగతిలో నియమం ఎవరిది? నెల్లూరు అక్షరదీపం – ఒక పరిశీలన

బడి క్రమశిక్షణను గురించి మన విద్యావిషయక రచనలు చెప్పే మాటలన్నింటికీ ఒక ఆధారభావన ఉంది: ఉపాధ్యాయుడు పెద్ద, విద్యార్థి చిన్న. వయోజన తరగతిలో ఈ భావన నిలువదు. 1988 మే 5న ప్రారంభమైన జాతీయ అక్షరాస్యతా మిషన్ 15 నుంచి 35 ఏళ్ల వయసువారిని లక్ష్యంగా పెట్టుకొంది. దాని ఆధ్వర్యంలో సాగిన ఉద్యమాలలో బోధన ప్రధానంగా జీతంలేని వలంటీర్లది. వారిలో పలువురు అభ్యాసకులకంటె చిన్నవారు. మూడు వాచకాలు, సుమారు 200 గంటలు అన్నది ప్రణాళిక. పగలంతా కూలికి పోయివచ్చిన స్త్రీని ఆలస్యమైందని గుమ్మం బయట నిలబెట్టే అధికారం ఆ వలంటీరుకు ఎక్కడిది? ‘రాయి’ అన్న విధ్యర్థకం కూడ అక్కడ ఒంటరిగా చెల్లదు. ‘రాయత్తా’, ‘రాయి పిన్నమ్మా’ అని వరస కలపవలసిందే. ఆజ్ఞలో చుట్టరికం చేరినప్పుడు శిక్షకు తావుండదు. నియమం నిలవాలంటే దానిని పాటించేవారే ఏర్పరచుకోవాలి.

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేర సాగిన ఉద్యమాన్ని ఈ కోణంనుంచి చూడవచ్చు. వాచకంలోని సీతమ్మ కథ, దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ, 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధం – ఈ వరుస సుప్రసిద్ధమే. పాఠం కారణం, ఉద్యమం కార్యం అని చెప్పి ముగించడం పరిపాటి. నడుమనున్న తరగతికి ఆ కథనంలో చోటు తక్కువ.

రాత్రి తరగతికి అడ్డుపడినది లోపలివారి అల్లరి కాదు, తాగి వచ్చిన మగవారి రభస. నిర్వాహకుల పరిభాషలో దీనికున్న పేరు ‘గైర్హాజరు’ ఒక్కటే. హాజరుపట్టీ తప్పును రానివారి పద్దున వేస్తుంది. (క్రమశిక్షణకు సంబంధించిన పట్టికలన్నీ ఇంతేనేమో.) స్త్రీలు తప్పును దాని చోటనే పట్టుకొన్నారు. తరగతి సాగాలంటే సారాకొట్టు మూతపడాలి. ఉద్యమానికి కూలిడబ్బు, దెబ్బలు, ఆకలి వంటి పాతకారణాలు ఉన్నాయి గనుక వాచకమొక్కటే దానిని పుట్టించిందనడం అతిశయోక్తి. కాని రోజూ ఒకచోట కూర్చొని, ఒకరి ఇంటిగోడు మరొకరు వినే అవకాశాన్ని ఇచ్చినది ఆ తరగతే. చదువుకొనే వేళకు భంగం కలుగరాదన్న నియమమే వీధిలోకి నడచివచ్చిందని నా అభిప్రాయం.

ఈ నియమం పాలనాయంత్రాంగాన్నే ఇరకాటంలో పెట్టింది. జిల్లా సాక్షరతాసమితికి అధ్యక్షుడు కలెక్టరు; సారా వేలంపాటలు జరిగేదీ ఆ జిల్లా యంత్రాంగం చేతిమీదుగానే. 1992లో స్త్రీలు ఆ పాటలను అడ్డుకోగా, అవి పలుమార్లు వాయిదాపడ్డాయి.